అగ్నిపర్వతపు నీడలో ఛాయాచిత్రకారుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



పల్లెటూరిలో ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయక నిలుచుట సామాన్యమైన విషయము కాదు. ఇట్టి శుభదినమున పుస్తకమును గూర్చి ప్రసంగించుట పరిపాటి. ఈ ఉపన్యాసమునకు మాత్రము పుస్తకమునకు తోబుట్టువు అనదగిన ఛాయాచిత్రము విషయముగ గైకొనబడినది. పుస్తకము పోయిన వారి మాటను దాచునట్లు ఛాయాచిత్రము పోయిన వారి రూపును దాచును. అట్లు దాచుటలో జన్మమంతయు గడపిన ఒక పరదేశి చరిత్ర మన పల్నాటివారికి కొంత ఉపయోగపడగలదు.

మన పూర్వులకు కెమేరా లేకపోయినను, చిత్రపటము చేయు పనిని వారు చక్కగ ఎరుగుదురు. ఉషాపరిణయ కథలో చిత్రరేఖ రాజకుమారుల రూపములను ఒక్కొక్కటిగా లిఖించి చూపగా, ఉష తాను కలలో గన్న అనిరుద్ధుని గుర్తించెను. భవభూతి మహాకవి తన ఉత్తరరామచరిత నాటకమును చిత్రదర్శనముతోనే ఆరంభించెను. అరణ్యవాసమునాటి వృత్తాంతములను గోడపై లిఖింపజేసి లక్ష్మణుడు సీతారాములకు చూపును. కష్టములు గట్టెక్కి, రాజ్యము చేతికి వచ్చిన పిమ్మటకూడ, ఆ చిత్రములను చూడగనే రాముని కన్నులు చెమర్చును. గడచిపోయినదానిని గడచిపోనీయక ఎదుట నిలుపు శక్తి చిత్రమునకు కలదని ఆ మహాకవి ఎరుగును. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ శక్తి కుంచె చేతినుండి కొంత గాజుపలక చేతికి వచ్చినది.

ప్రస్తుత కథానాయకుడు జార్జియో సొమ్మర్. ఆతడు 1834 సెప్టెంబరు 2వ తేదీన జర్మను దేశములోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు గెయోర్గ్. ఛాయాచిత్ర విద్యను స్వస్థలముననే నేర్చి, కొంతకాలము స్విట్జర్లాండులో ఆ దేశ ప్రభుత్వము కొరకు పర్వతముల చిత్రములు తీసెను. 1857 ప్రాంతమున, ఇరువదిమూడేండ్లయినను నిండని వయస్సున, ఇటలీ దక్షిణ భాగమందలి నేపుల్సు నగరము చేరెను. గెయోర్గ్ అను పేరు ఆ దేశభాషలో జార్జియో అయినది. రోమునగరమున స్థిరపడియున్న ఎడ్మండ్ బేల్స్ అను మరొక జర్మను ఛాయాచిత్రకారునితో కూడి కొన్ని ఏండ్లు భాగస్వామ్య వ్యాపారము నడపి, తరువాత స్వతంత్రించెను. ఆతడు వచ్చినప్పుడు నేపుల్సు బూర్బను రాజవంశమువారి రాజధాని. 1860లో గరిబాల్డీ ఆ నగరము ప్రవేశించెను. 1861లో ఇటలీ ఏకరాజ్యమయ్యెను. రాజులు మారిరి, జెండాలు మారెను. సొమ్మరు మాత్రము అచ్చటనే ఉండి, క్రొత్త రాజగు విక్టర్ ఇమ్మాన్యుయేలునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను.

ఆనాటి ఛాయాచిత్రము నేటివలె వ్రేలితో మీటిన వచ్చునది కాదు. 1851లో ఆర్చరు అను ఇంగ్లీషువాడు ప్రకటించిన తడిపలక పద్ధతియే అప్పటి ఆధారము. దూదిని ఆమ్లములతో శుద్ధిచేసి, ఈథరులోను మద్యసారములోను కరగించగా కొలోడియను అను జిగురువంటి ద్రవము వచ్చును. దానిని గాజుపలకపై సమముగా పారించి, చీకటిలో వెండి లవణపు నీటిలో ముంచవలెను. ఆ పలక తడిగా నుండగనే కెమేరాలో అమర్చి, చిత్రము తీసి, మరల చీకటిలోనికి గొనిపోయి మందునీరు పోసి రూపు తేల్పవలెను. ఇదియంతయు పది పదిహేను నిమిషములలో ముగియవలెను. పలక ఆరిన పని చెడును. కావున కొండకు పోయినను, శిథిలములకు పోయినను, చీకటి గుడారము, మందుసీసాలు, నీళ్లు, గాజుపలకలు కూడ పోవలెను. వెండి లవణము తగిలిన వ్రేళ్లు నల్లబడును. గాజుపలక ఎంత పెద్దదో చిత్రము అంతే పెద్దది గనుక, పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద పలకనే మోయవలెను. తరువాత కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమును ఆ పలక క్రింద నుంచి, ఎండలో పెట్టి అచ్చు దింపవలెను. అన్నిటిని మించి, వెలుతురు చాలుటకు కెమేరా కన్ను కొన్ని క్షణములు తెరచియుండవలసి వచ్చెడిది. అంతసేపు కదలక నిలచిన గోడయు స్తంభమును స్పష్టముగా వచ్చును. నడచిపోవు మనుష్యుడు పొగవలె చెదరిపోవును. ఆ కాలపు చిత్రములలో కొన్ని రాజవీథులు నిర్మానుష్యముగ కనబడుటకు కారణమిదియే.

నేపుల్సునకు చేరువనే వెసూవియస్ అను అగ్నిపర్వతము కలదు. క్రీస్తుశకము 79లో అది ప్రేలి, పాంపేయి అను పట్టణమును బూడిదలో పూడ్చివేసెను. 1748లో అచ్చట త్రవ్వకములు ఆరంభమయ్యెను. సొమ్మరు నేపుల్సులో కాపురముండగా, 1863లో ఫియొరెల్లి అను పురాతత్త్వవేత్త ఒక విచిత్రమైన ఉపాయము కనిపెట్టెను. మన కంచరులు మైనపు బొమ్మకు మట్టి మెత్తి, కాల్చి, మైనము కరగిపోగా ఏర్పడిన బోలులో లోహము పోయుదురు గదా! పాంపేయిలో ప్రకృతియే అచ్చు సిద్ధము చేసి ఉంచెను. ఆనాడు మరణించినవారి చుట్టు బూడిద గట్టిపడెను. లోపలి దేహములు కాలక్రమమున నశించెను. బోలు మాత్రము మిగిలెను. ఫియొరెల్లి ఆ బోలులో సున్నపు పిండివంటి ప్లాస్టరును నీటితో కలిపి పోయించి, గట్టిపడిన తరువాత పైబూడిదను తొలగింపజేసెను. అంతట పదునెనిమిది వందల సంవత్సరముల నాటి మనుష్యులు, పడినవారు పడినట్లే, ముఖము చేతులతో కప్పుకొన్నవారు కప్పుకొన్నట్లే బయల్పడిరి. సొమ్మరు వారి చిత్రములు తీసెను. కట్టివేయబడి, పారిపోలేక మెలికలు తిరిగి చచ్చిన ఒక కుక్క రూపము 1874లో బయల్పడగా దానినికూడ తీసెను. ఆ చిత్రములు ఐరోపా అంతట అమ్ముడుపోయినవి. పాంపేయికి పోలేనివారు తమ ఇంట కూర్చుండి ఆ మరణవేదనను చూచిరి. కురుక్షేత్రము చూడని ధృతరాష్ట్రునకు సంజయుడు చేసిన ఉపకారము వంటిదే ఇది.

అయితే ఒక విషయము గమనింపవలెను. ఆ చిత్రములోని స్త్రీ ఎవరు? ఆ పురుషుడెవరు? పేరు లేదు. రూపు దొరికినది గాని పేరు దొరకలేదు. రెండువేల ఏండ్ల నాటివారి పేరు తెలియకపోవుట వింతగాదు. కాని మన కన్నులయెదుట ఉన్నవారి పేరుకూడ తెలియకుండ పోవుట కలదు. ఆ సంగతి ముందు వచ్చును.

సొమ్మరు చేసిన పనులలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది 1872 ఏప్రిలు 26వ తేదీనాటిది. ఆనాడు వెసూవియస్ మరల ప్రేలెను. ఆ ఉత్పాతమును చూడబోయిన జనులలో కొందరు లావాకు చిక్కి మరణించిరి. సాన్ సెబాస్టియానో, మాస్సా ది సొమ్మా అను గ్రామములలోనికి లావా ప్రవహించెను. కొండపై గల పరిశోధనాలయమున పాల్మియేరి అను శాస్త్రజ్ఞుడు తన స్థానము విడువక పరికరములను కనిపెట్టుచు కూర్చుండెను. నగరమునుండి సొమ్మరు తన కెమేరాను కొండవైపు త్రిప్పి, మధ్యాహ్నము 3 గంటలు మొదలుకొని వరుసగ చిత్రములు తీసెను. నగరపు ఇండ్ల కప్పులమీదుగా కొండ కనబడును. కొండపై దానికంటె ఎత్తుగ పొగ లేచును. తరువాతి చిత్రములో ఆ పొగ మరియొక రూపము దాల్చును. వానిపై తేదీయు, గడియారపు వేళయు వ్రాయబడెను. ఆ వేళ వ్రాయుటయే ఆ చిత్రములకు ప్రాణము. తేదీ లేనియెడల అది ఒక కొండమీది పొగ. తేదీయు వేళయు ఉండుటచేత అది సాక్ష్యము. ఏ ఘడియలో పొగ ఎంత ఎత్తున నున్నదో నేటికిని దానినిబట్టి చెప్పవచ్చును. మన పల్లెలలో అడంగలు, చిట్టాలు చూచి ఎరిగినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. సంవత్సరము వేయని లెక్క ఎంత చక్కగ వ్రాసినను తగవులో నిలువదు.

సొమ్మరు ఇటలీ అంతట సంచరించెను. రోము, ఫ్లారెన్సు, సిసిలీ ద్వీపమందలి పలెర్మో, కాప్రీ, అమాల్ఫీ, పేస్తుము నందలి ప్రాచీన గ్రీకు దేవాలయములు, సముద్రము దాటి మాల్టా ద్వీపము, ఉత్తరమున స్విట్జర్లాండు, టిరోలు పర్వతసీమలు ఆతని కెమేరాకు చిక్కినవి. ఆ దినములలో ధనవంతులగు ఐరోపావాసులకు ఇటలీయాత్ర మనకు కాశీయాత్ర వంటిది. తిరిగి పోవునప్పుడు మనవారు గంగ చెంబు తెచ్చుకొన్నట్లు వారు చిత్రముల సంపుటమును కొనుక్కొని పోయెడివారు. సొమ్మరు అంగడిలో చిత్రములకు అంకెలు వేసిన పట్టిక ఉండెడిది. కొనువాడు అంకె చెప్పిన చాలును. ప్రాచీన విగ్రహములకు కంచుతోను, కాల్చిన మట్టితోను చేసిన ప్రతిరూపములనుకూడ అమ్మెడివాడు. లండను, పారిసు, వియన్నా ప్రదర్శనములలో ఆతని పనికి పతకములు లభించినవి. తరువాత కుమారునికూడ వ్యాపారమున చేర్చుకొనెను.

ఇంతవరకు పొగడ్త. ఇక ఒక చిన్న విమర్శ చేయకతప్పదు. సొమ్మరు కట్టడములనే గాక నేపుల్సు వీథిజనమునుకూడ చిత్రించెను. మకరోనీ అను గోధుమపిండి వంటకమును చేతులతో ఎత్తి నోటిలో వేసికొను బీదపిల్లలు, దారములవలె దానిని కఱ్ఱలపై ఆరవేయు పనివారు, వీథులలో బ్రతుకు వెళ్లదీయు చిల్లర వర్తకులు వానిలో కనబడుదురు. కొన్ని క్షణములు కదలక నిలువవలసిన కాలము గనుక ఇట్టి చిత్రములు తరచుగ కావలెనని నిలువబెట్టి తీసినవే. వానిని కొన్నవారు దూరదేశపు శ్రీమంతులు. వారికి ఆ బీదరికము ఒక వేడుక. పిల్లవాడు తలయెత్తి నోరు తెరచిన విధము చూచి నవ్వుకొనుటకే గాని, ఆ పూట వానికి మరల కూడు దొరకునా యని విచారించుటకు వారు ఆ చిత్రమును కొనలేదు. చిత్రము క్రింద ‘మకరోనీ తినువారు’ అని మాత్రము ఉండును. వారి పేర్లు లేవు. కొండకు పేరున్నది, గుడికి పేరున్నది, వీథికి పేరున్నది. మనుష్యునకు పేరు లేకపోయెను.

ఇది సొమ్మరు దుష్టుడగుటచేత జరిగినది కాదు. పరదేశి చూపునకు గల హద్దు ఇది. మన పల్నాటికి ఈ అనుభవము క్రొత్తది కాదు. శ్రీనాథ మహాకవి ఈ సీమకు వచ్చి, ఇక్కడి రాళ్లను, జొన్నకూటిని, నీటి ఎద్దడిని పరిహసించెనని చెప్పు చాటువులు తెలుగునాట అందరి నోళ్లలో నున్నవి. అయినను ఆ శ్రీనాథుని పేరనే పల్నాటి వీరచరిత్ర ద్విపద వెలసి, బ్రహ్మనాయుని, బాలచంద్రుని, నాగమ్మను దేశమంతటికి ఎరుకపరచినది. వెలుపలివాని కన్ను ఒక వంక ఎగతాళి చేయును, మరియొక వంక శాశ్వతము చేయును. ఆ రెంటిని కలిపియే స్వీకరింపవలెను. కాని ఊరివాడు మాత్రమే చేయగల పని ఒకటి మిగిలియుండును. బొమ్మలోనివాడు ఎవరో, ఎవరి బిడ్డయో, ఏ ఇంటివాడో చెప్పగలవాడు ఊరివాడే.

సొమ్మరు 1914 ఆగస్టు 7వ తేదీన నేపుల్సుననే మరణించెను. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధము మొదలై కొన్ని దినములే అయినది. ఏబదియేడు సంవత్సరములు ఆతడు పరదేశముననే జీవించి, ఆ దేశమునే తన దేశము చేసికొనెను. నేడు ఆతని చిత్రములు అమెరికాలోని గెట్టి మ్యూజియము మొదలైన మహాసంస్థలలో భద్రముగ నున్నవి.

ఇక ఇటలీ విడిచి మన కృష్ణాతీరమునకు వత్తము. పాంపేయిని బూడిద కప్పినది. మన విజయపురిని నీరు కప్పినది. మూడు నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకు రాజుల రాజధానియై, బౌద్ధ విహారములతోను, దేవాలయములతోను, మెట్లు గట్టిన క్రీడారంగముతోను వెలసిన నాగార్జునకొండ లోయ మన పల్నాటిదే. ఆ లోయలో రోమక చక్రవర్తుల బంగారు నాణెములు దొరకినవి. అనగా సొమ్మరు చిత్రించిన దేశమునకును, మన సీమకును, కెమేరా పుట్టుటకు ఎన్నియో శతాబ్దుల ముందే వర్తకము కలదన్నమాట.

ఈ లోయ సంగతి లోకమునకు తెలియుటకు మూలపురుషుడు ఒక బడిపంతులు. 1926లో సూరపరాజు వెంకటరామయ్యగారు అచ్చట ఒక ప్రాచీన స్తంభమును చూచి ఊరకుండక మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసిరి. శాసనశాఖలోని తెలుగు సహాయకుడు సరస్వతిగారు వచ్చి చూచి దాని ప్రాముఖ్యమును గుర్తించిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వకములు జరిపెను. ఆతడు వ్రాసిన గ్రంథము ఛాయాచిత్రములతో 1938లో వెలువడెను. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగర ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుగునని తెలియుటచేత 1954 నుండి 1960 వరకు రాయప్రోలు సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున విస్తారముగ త్రవ్వకములు జరిగినవి. కొన్ని కట్టడములు రాయి రాయి విప్పి కొండపైకిని, అనుపు ప్రాంతమునకును తరలింపబడెను. కొండ ద్వీపమయ్యెను, దానిపై మ్యూజియము వెలసెను. ఆనకట్ట 1967లో ప్రారంభింపబడెను. ఆ నీటితో బీడులు మాగాణులైనవి. ఆ మేలును ఎవరును కాదనజాలరు. కాని మునిగిన లోయను నేడు ఎవరైన చూడదలచిన, ఛాయాచిత్రము తప్ప వేరు దారి లేదు.

శిల్పములకు మ్యూజియము దొరకినది. ఆ లోయలో కాపురములు చేసిన ఊళ్లకు, వాని రచ్చబండలకు, వేపచెట్లకు, ఇంటి అరుగులకు మ్యూజియము కట్టినవారు లేరు. అవి ఎవరి ఇంటి పెట్టెలోనో ఉన్న పాత ఫోటోలో పెండ్లికొడుకు వెనుక గోడగనో, బడిపిల్లల వెనుక చెట్టుగనో మిగిలియుండవచ్చును. ఆ ఫోటోలను చూచి ‘ఇది ఫలానా వీథి, వీరు ఫలానావారు’ అని చెప్పగల ముసలివారు ఏటేట తగ్గుచున్నారు. వారు పోయిన దినమున ఆ చిత్రములుకూడ పాంపేయి విగ్రహములవలె పేరులేనివి కాగలవు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమువారికి ఒక విన్నపము. వేటపాలెమునందలి సారస్వత నికేతనము 1918లో స్థాపితమై, పాత పత్రికలను ఓపికతో భద్రపరచుటచేతనే నేడు పరిశోధకులకు తీర్థస్థలమైనది. అంత పని మనవలన కాకపోయినను, ఒక బీరువాను ఊరి ఛాయాచిత్రములకు కేటాయించుట మనవలన అగును. పెండ్లి ఫోటోలు, బడి ఫోటోలు, కారెంపూడి వీరారాధన ఉత్సవముల ఫోటోలు, ఎడ్ల బండలాగుడు పందెముల ఫోటోలు, మోటబావులు, నాపరాతి కప్పుల ఇండ్లు, చెరువుగట్లు, ఏవియైనను సరే, ఇండ్లనుండి తెప్పించి, నకలు తీయించుకొని, అసలు ఫోటోను యజమానికి తిరిగి ఇచ్చివేయవలెను. ప్రతి చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో నాలుగు సంగతులు వ్రాయవలెను: ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరము, తీసినదెవరు. సిరా వాడరాదు, అది కాలక్రమమున ఇవతలికి ఊరును. చెదలు, చెమ్మ తగులని చోట ఉంచవలెను. ప్రతి చిత్రమునకు ఒక అంకె వేసి, ఆ అంకెను పుస్తకములో ఎక్కించవలెను. పొలమునకు సర్వే నంబరు ఎట్లో చిత్రమునకు ఈ అంకె అట్లు.

నేటి యువకుల చేతిలోని ఫోనులో వేలకొలది చిత్రములు ఉన్నవి. సొమ్మరు జన్మమంతయు మోసిన పలకలకంటె అవి ఎక్కువ కావచ్చును. కాని ఫోను నీటిలో పడిన నాడు అవియన్నియు ఒక్కసారిగ నీటిపాలే. యువకులు ఏటికి పది చిత్రములనైన ఏరి, కాగితముపై అచ్చువేయించి, పేర్లు వ్రాసి గ్రంథాలయమునకు ఇచ్చినచో, మరి ఇరువదియైదేండ్లకు జరుగబోవు స్వర్ణోత్సవమునాటికి ఈ ఊరి చరిత్ర ఈ ఊరి చేతనే సిద్ధమై ఉండును. ఈ పనికి పాండిత్యము అక్కరలేదు, ధనమును అంతగా అక్కరలేదు. పెద్దలవద్ద ఒక సాయంకాలము కూర్చుండి అడిగి వ్రాసికొను ఓపిక చాలును.

వెలుపలినుండి వచ్చినవాడు మన రూపును దాచిపెట్టగలడు. మన పేరును దాచిపెట్టవలసినవారము మనమే. ఈ గ్రంథాలయము ఆ భారమును వహించి, శతవార్షికోత్సవము వరకు దినదిన ప్రవర్ధమానమై వర్ధిల్లుగాక!

స్వస్తి.